ఎదిగిన నెమలికి చోటు చేయడం: ప్రాజెక్టు డైరీ

పక్షి రాకముందు

రాబోతున్నది పిల్ల కాదు, పూర్తిగా ఎదిగిన మగ నెమలి. నాలుగో ఏడు నడుస్తోంది, అంటే పింఛం నిండుగా వచ్చే వయసు. ఈ ఒక్క విషయమే పని మొత్తాన్ని నిర్ణయిస్తోంది. పిల్లగా తెచ్చుకున్న నెమలి మన అడుగుల చప్పుడు వింటూ పెరుగుతుంది. ఎదిగిన పక్షికి అప్పటికే తనదంటూ ఒక లోకం ఉంటుంది: రోజూ వాలే కర్ర, నీళ్లు తాగే తొట్టి, ఎరిగిన మనుషులు. అక్కడి నుంచి పెకలించి తెస్తున్నాం. నన్ను నమ్మడం తర్వాతి సంగతి, ముందు అది ఈ చోటును నమ్మాలి. అందుకే డబ్బూ శ్రమా మొదట గూటి మీదే పెడుతున్నాను.

చట్టం సంగతి కూడా ఇక్కడే రాసి పెట్టుకోవాలి. భారతదేశంలో నెమలి 1963 నుంచి జాతీయ పక్షి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉంది. అక్కడ దాన్ని పట్టుకోవడం, తెచ్చి పెంచుకోవడం నేరం. ఈ డైరీలోని పక్షి చట్టం అనుమతించే చోట, పెంపకంలోనే గుడ్డు నుంచి పుట్టింది. అడవి నుంచి పట్టి తెచ్చిన పక్షి అయితే నేను అసలు ముట్టుకునేవాణ్ని కాదు. ఎక్కడ ఉన్నవారైనా తమ చోటి నిబంధనలు చూసుకున్నాకే మొదటి గుంజ పాతాలి.

ఇక కొలతలు. మగ నెమలి బరువు 4 నుంచి 6 కిలోలు. ముక్కు నుంచి పింఛం కొస దాకా 2 మీటర్లు ఉంటుంది, అందులో సగానికి పైగా పింఛమే. పురి విప్పినప్పుడు అడ్డంగా కూడా ఇంచుమించు అంతే చోటు కావాలి. ఇరుకు గూట్లో పెడితే ప్రతిసారీ తిరగబోయి ఈకల కొసలు జాలీకి రాసుకుని విరుగుతాయి. అందుకని వెడల్పు పది అడుగులకు తగ్గకూడదని ముందే అనుకున్నాను. చివరికి 12 అడుగుల వెడల్పు, 24 అడుగుల పొడవు, 8 అడుగుల ఎత్తు దగ్గర స్థిరపడ్డాను. అందులో ఒక చివర ఎనిమిది అడుగుల మేర పైకప్పు వేసి, మూడు వైపులా చెక్క గోడలు కట్టాను. మిగిలినదంతా ఆరుబయలు.

గూటి పని

అన్నిటికన్నా ఎక్కువ ఆలోచించింది వాలే దూలం గురించి. చీకటి పడేసరికి వీలైనంత ఎత్తుకు చేరుకోవాలన్నది నెమలి నెత్తురులోనే ఉంది. ఎత్తు లేకపోతే రాత్రంతా జాలీ వెంట తిరుగుతూనే ఉంటుంది. పింఛం వెనక్కి వేలాడుతుంది కనుక దూలం ఐదు అడుగులకు పైన ఉంటేనే కొసలు నేలను తాకవు. నేను ఐదున్నర అడుగుల ఎత్తున, వెనక గోడకు నాలుగు అడుగుల ఎడంగా బిగించాను. గుండ్రటి కర్ర బదులు నాలుగు అంగుళాల వెడల్పున్న చెక్కను బల్లపరుపుగా పెట్టాను. చలి రాత్రుల్లో పక్షి దాని మీద కాళ్లు మడిచి కూర్చుంటే పొట్ట కింది ఈకలు వేళ్లను పూర్తిగా కప్పుతాయి. సన్నని గుండ్రటి కర్రను వేళ్లు చుట్టుకుంటే కొసలు బయటే ఉండిపోతాయి, గడ్డకట్టే చలిలో మొదట దెబ్బతినేవి అవే.

ఇంత బరువున్న పక్షి రోజూ ఆ ఎత్తు నుంచి గట్టి నేల మీదికి దూకితే పాదాల అడుగున దెబ్బ తగిలి, పుండు పడి చీము పట్టే ప్రమాదం ఉంది. కోళ్లలోనూ చూసే జబ్బే అది. అందుకని మధ్యలో మెట్టులా ఇంకో చెక్క, కింద మందంగా ఇసుక. ఇసుక వల్ల ఇంకో లాభం, రెట్ట ఆరిపోతుంది, జల్లెడతో ఎత్తేయవచ్చు. ఒక మూల పొడి మట్టి విడిగా పోశాను. నెమళ్లు మట్టిలో పొర్లి ఈకల్లోని పేలను వదిలించుకుంటాయి.

ఆరుబయలు భాగానికి పైన ఇనుప జాలీ వేయలేదు, మెత్తని నైలాను వల కట్టాను. గూట్లో బెదిరిన నెమలి నిట్టనిలువుగా పైకి లేస్తుంది. ఇనుప తీగ ఉంటే నెత్తి చర్మం చీలిపోతుంది. వల అయితే సాగి, మళ్లీ కిందికి దించుతుంది. మంచు గానీ ఎండుటాకులు గానీ పేరుకుని వల కుంగకుండా మధ్యలో ఒక తీగ ఆసరా సరిపోయింది.

పక్కలకు అరంగుళం కన్నుల జాలీ. నేల దగ్గర దాన్ని బయటివైపు రెండు అడుగుల మేర మడిచి, మట్టి కప్పాను. నక్కలు, కుక్కలు సరిగ్గా జాలీ మొదట్లోనే తవ్వడం మొదలుపెడతాయి. అక్కడ తగిలే ఇనుము చూసి వెనక్కి జరిగి తవ్వాలన్న ఆలోచన వాటికి సాధారణంగా రాదు. కింది మూడు అడుగుల ఎత్తు వరకు రెండు వైపులా చెక్క పలకలు కొట్టాను. కొత్త పక్షికి నాలుగు వైపులా తెరిచి ఉన్న చోటు భయం పుట్టిస్తుంది. వీపు ఆనించుకోవడానికి ఒక మరుగు ఉండాలి. తలుపులు రెండు: బయటిది మూశాకే లోపలిది తెరవాలి.

పని అయిపోయిన రోజు సాయంత్రం దొరికినంత పెద్ద అయస్కాంతానికి తాడు కట్టి, నేలంతా అంగుళం వదలకుండా లాగాను. ఊడ్చి, ఏరి శుభ్రం చేసిన నేల అది. అయినా అయస్కాంతానికి గడ్డంలా అతుక్కుని వచ్చాయి: తుంచిన జాలీ తీగల ముక్కలు, వంగిన స్టేపుల్ పిన్నులు, మేకులు. నెమలి మెరిసేదాన్ని వదలదు. మింగిన తీగ ముక్క కడుపు గోడను చీల్చుతుంది. జాలీకి పూసే జింకు శరీరంలోకి చేరితే విషమవుతుంది. అన్ని కోణాల నుంచి లాగి, ఏమీ అంటకుండా వచ్చేదాకా ఆగలేదు. ఇసుక ఆ తర్వాతే పోశాను. గూడు కట్టేవాళ్లకు నేను ఒక్క సలహా ఇవ్వవలసి వస్తే ఈ అయస్కాంతం సంగతే చెబుతాను.

తీసుకొచ్చిన రోజు

పింఛం రాల్చేసిన కాలం చూసి తెచ్చుకున్నాను. జతకట్టే కాలం ముగియగానే మగ నెమలి ఏటా పింఛం మొత్తం వదిలేస్తుంది. అప్పుడు పెట్టెలో పట్టడం తేలిక, విరగడానికి పొడుగు ఈకలు ఉండవు, పక్షి దుడుకు కూడా తగ్గి ఉంటుంది. నిండు పింఛంతో ఉన్న పక్షిని కదిలించక తప్పకపోతే పింఛాన్ని మెత్తని గుడ్డ సంచిలోకి జొనిపి, తోక మొదట్లో వదులుగా కట్టాలి.

పక్షిని ఇచ్చిన పెద్దాయన పట్టుకున్న తీరు చూసి నేర్చుకోదగింది చాలా ఉంది. చీకటి పడ్డాక దూలం మీద ఉన్నప్పుడే వెళ్లారు. ఒక చేత్తో రెండు కాళ్లూ కలిపి పట్టుకుని, రెండో చేత్తో రెక్కలను తన పక్కకు అదిమి, తల మీద గుడ్డ కప్పారు. అరుపు లేదు, తరమడం లేదు. పట్టపగలు వెంటపడి తరిమితే నెమలి ఒళ్లు వేడెక్కి, కండరాలు దెబ్బతిని, ఆ తర్వాత ప్రాణమే పోవచ్చు. పింఛం పట్టుకుని ఆపాలని చూస్తే ఈకలు చేతికి వచ్చేస్తాయి, పక్షి పారిపోతుంది. కాళ్ల వెనక ముళ్లు ఉంటాయి, వాటి కొసలు చర్మాన్ని కోసేస్తాయి. పొడుగు చేతుల చొక్కా, తోలు చేతి తొడుగులు తప్పనిసరి.

గూట్లోకి చేరేసరికి పూర్తి చీకటి. పెట్టెను పైకప్పు ఉన్న భాగంలో గోడవైపు తిప్పి పెట్టి, మూత తీసి, బయటికి వచ్చేశాను. చాలాసేపు ఏ చప్పుడూ లేదు. తర్వాత ఇసుక మీద నాలుగు అడుగులు, ఆగడం, మళ్లీ రెండు అడుగులు. తెల్లవారి దూరం నుంచి చూస్తే మెడ ఈకలన్నీ ఒంటికి అతుక్కుపోయి, మెడ సగానికి సగం సన్నబడినట్టు ఉంది. తల మీది కుచ్చు నిలబడి ఉంది. నోరు మాత్రం మూసే ఉంది, రెక్కలు ఒంటికి దూరంగా పట్టుకోలేదు. నోరు తెరిచి ఎగశ్వాస తీస్తుంటే, రెక్కలు వదులుగా వేలాడేస్తే ఒళ్లు వేడెక్కిందని అర్థం. ఇక్కడ ఉన్నది భయం, అంతే. భయానికి మందు ఒంటరిగా వదిలేయడమే.

మొదటి వారం

నీళ్లు మార్చడం, దాణా పెట్టడం, రెట్ట ఎత్తడం తప్ప లోపల నాకేమీ పని పెట్టుకోలేదు. ఇంటికి వచ్చినవాళ్లను కూడా అటు తీసుకెళ్లలేదు. కొత్త చోట ఒకటి రెండు రోజులు పక్షి సరిగా తినకపోవడం మామూలే. అందుకని దాణా మార్చలేదు. పెద్దాయన దగ్గర ఏది తినేదో అదే కొంత తెచ్చుకున్నాను, వారం పది రోజుల మీద కొంచెం కొంచెంగా కొత్తది కలుపుతూ మారుస్తున్నాను.

తినిందా లేదా అన్నది గిన్నె చూసి తెలియదు, చెదరగొడుతుంది, పిచ్చుకలు కూడా వచ్చి తింటాయి. రెట్ట చూస్తే తెలుస్తుంది. మామూలు రెట్ట గట్టిగా, ఆకుపచ్చ గోధుమ రంగులో ఉండి, మీద తెల్లటి టోపీలా యూరిక్ ఆమ్లం ఉంటుంది. మధ్యమధ్యలో ముద్దగా, కాఫీ రంగులో, భరించలేని వాసనతో ఇంకోటి పడుతుంది. అది పేగు చివరి తిత్తుల నుంచి వచ్చేది, అదీ ఆరోగ్యమే. మొదటిసారి చూసేవాళ్లు దాన్ని విరేచనమనుకుని కంగారు పడతారు. నిజంగా కంగారు పడవలసినవి నురుగు, నెత్తురు చార, గంధకంలాంటి పసుపు రంగు. దూలం కింద ఒక ప్లాస్టిక్ షీటు పరిచి రోజూ ఉదయం చూస్తున్నాను. నేను చేసే పరీక్షలన్నిటిలో చవకైనదీ నమ్మకమైనదీ ఇదే.

ఒంటరి నెల

30 రోజులు మిగతా పక్షులకు దూరం. మా కోళ్ల దొడ్డి గూటికి దూరంగానే ఉంది. అయినా నెమలి గూటికి వేరే చెప్పులు పెట్టాను, ముందు నెమలి పని ముగించాకే కోళ్ల వైపు వెళ్తున్నాను.

ఈ నెల తర్వాత కూడా రెండింటినీ కలపను. కోళ్ల పేగుల్లో హెటెరాకిస్ అనే సన్నని నులిపురుగు ఉంటుంది. ఆ పురుగు గుడ్లలో హిస్టోమోనాస్ అనే ఏకకణ జీవి దాగి ఉంటుంది. కోళ్లు దాన్ని మోస్తూ కూడా హాయిగా తిరుగుతాయి. టర్కీ కోళ్లకు, నెమళ్లకు సోకితే పేగు తిత్తులను, కాలేయాన్ని తినేస్తుంది. పసుపు రెట్ట దాని గుర్తే. ఆ గుడ్లు మట్టిలో ఏళ్ల తరబడి బతుకుతాయి, వానపాములు వాటిని మింగి పెట్టుకుంటాయి, నెమలి ఆ వానపామును తింటుంది. కోళ్లు తిరిగిన నేల ఎంత శుభ్రంగా కనిపించినా నెమలికి పనికిరాదు. గూటికి స్థలం ఎంచుకునేటప్పుడు నీడ కన్నా, నీటి వసతి కన్నా ముందు నేను చూసింది ఆ నేల మీద ఇంతవరకు కోళ్లు తిరిగాయా లేదా అన్నదే.

రెట్ట నమూనా పక్షుల డాక్టరుకు పంపాను. సన్న నులిపురుగుల గుడ్లు కనిపించాయని, మందు, మోతాదు ఆయనే రాసిచ్చారు. బరువు లేకుండా మోతాదు కుదరదు. ముందు ఖాళీ పెట్టెను తూచి, తర్వాత చీకట్లో పక్షిని అందులోకి దించి మళ్లీ తూచాను: 4.6 కిలోలు. పనిలో పనిగా రొమ్ము ఎముకను తడిమి చూశాను. రెండు వైపులా కండ నిండుగా ఉంది. ఎముక కత్తి అంచులా తగిలితే పక్షి చిక్కిపోయిందన్నమాట. నిండు ఈకల కింద ఆ చిక్కడం కంటికి కనిపించదు, వేళ్లకే తెలుస్తుంది. కొన్ని నులిపురుగుల మందులు ఎదుగుతున్న ఈకలను పాడుచేస్తాయి. అందుకే కొత్త పింఛం జోరందుకోక ముందే ఈ పని ముగించడం మంచిదైంది.

దాణా

చిన్న పద్దు. కౌజుల్లాంటి పక్షుల కోసం తయారుచేసే ‘గేమ్ బర్డ్’ దాణా ఉదయం సాయంత్రం. అందులో మాంసకృత్తులు 16 నుంచి 20 శాతం. గుడ్లు పెట్టే కోళ్ల దాణా ఎంత సులువుగా దొరికినా మగ నెమలికి పెట్టను. అందులో కాల్షియం 4 శాతం దాకా ఉంటుంది, గుడ్లు పెట్టని పక్షికి అది మూత్రపిండాల మీద భారం. ఆకుకూరలు, బఠాణీలు, ఎండబెట్టిన పురుగులు రుచికి. బూజు వాసన తగిలిన గింజ ఒక్కటి కూడా లోపలికి వెళ్లకూడదు, అందులోని అఫ్లాటాక్సిన్ కాలేయాన్ని దెబ్బతీస్తుంది. అవకాడో, చాక్లెట్, ఉప్పు వేసినవి నిషేధం.

పింఛం చిగురిస్తోంది

నడుము మీద నీలిబూడిద రంగు గొట్టాలు బారులు తీరాయి. ప్రతి గొట్టం కొసన ఒక చిన్న కుంచె విచ్చుకుంటోంది. ఎదుగుతున్న ఈక కాడలో నెత్తురు పారుతుంది, విరిగితే ధారగా కారుతుంది. కనుక ఇప్పట్లో పక్షిని పట్టుకునే పని ఏదీ పెట్టుకోను. ఈక దాదాపు పూర్తిగా కెరాటిన్ అనే మాంసకృత్తితోనే తయారవుతుంది. దాణాను 20 శాతం వైపుకు జరిపాను, పురుగులు పెంచాను.

నేను కూర్చునే చోటు ఒకటి స్థిరపడింది. రోజూ ఒకే వేళకు జాలీ బయట కుర్చీ వేసుకుని, పక్షికి ఎదురుగా కాకుండా కొంచెం పక్కకు తిరిగి కూర్చుంటాను. దాణా వేసే ముందు డబ్బాను రెండుసార్లు ఆడిస్తాను. మొదట్లో ఆ చప్పుడుకు మూలకు పోయేది. ఇప్పుడు చప్పుడు వినగానే దూలం దిగి, మూడు అడుగుల దూరానికి వచ్చి, ఒక కంటితో నన్ను, తల తిప్పి ఇంకో కంటితో డబ్బాను చూస్తుంది. చేతిలోంచి తినాలని నాకు పట్టుదల లేదు. మనిషంటే బొత్తిగా జంకు లేని మగ నెమలి జతకట్టే కాలంలో మనిషిని తనకు పోటీగా లెక్కవేసి ముళ్లతో మీదికి దూకడం జరుగుతుంది. ఈ మూడు అడుగుల దూరం ఇద్దరికీ మంచిది.

జతకట్టే కాలం

పొద్దు పెరుగుతోంది. పింఛం నిండుగా వచ్చింది, కేకలు మొదలయ్యాయి. తెల్లవారుజామున, పొద్దువాలే వేళ ఎక్కువ, రాత్రి ఏదైనా తలుపు గట్టిగా పడితే అప్పుడూ అరుస్తుంది. చుట్టుపక్కల ఇళ్లవాళ్లకు గూడు కట్టకముందే వెళ్లి చెప్పి ఉన్నాను. ఆ అరుపు చాలా దూరం వినిపిస్తుంది, నెలల తరబడి ఉంటుంది, ఏ శిక్షణకూ తగ్గదు. ఇరుగుపొరుగుకు ఇది సమ్మతం కానిచోట నెమలిని పెంచకూడదన్నది నా గట్టి అభిప్రాయం.

పురి విప్పడం దగ్గర నుంచి చూస్తే ఎన్ని సంగతులో. మనం తోక అనుకునేది తోక కాదు, తోక మీద కప్పుగా పెరిగే ఈకలు. అసలు తోక వెనక ఉంది, పొట్టిగా, గోధుమ రంగులో, 20 ఈకలతో. పురికి వెన్నుదన్నుగా నిలిచేది అదే. వెనక నుంచి చూస్తే ఆ పొట్టి తోక బిర్రబిగిసి, కదులుతూ, ఎండుటాకుల మీద వాన పడుతున్నట్టు గలగలమనే చప్పుడు తెప్పిస్తుంది. 2016లో ప్రచురితమైన ఒక పరిశోధనలో ఆ కంపనం సెకనుకు దాదాపు 25 సార్లని కొలిచారు. అంతగా కదులుతున్నా పింఛం కన్నులు మాత్రం చోటు మారకుండా నిలిచి ఉంటాయి.

పురి విప్పే చోటు కూడా అది తానే ఎంచుకుంది: ఆరుబయలు భాగంలో తూర్పు మూల. అక్కడున్న మొక్కల కుండీ తీసేసి, నేల చదును చేశాను. గూడు నుంచి కనిపించే కారు అద్దాలకు కూడా తెర వేశాను. తన నీడనే ఇంకో మగపక్షి అనుకుని కొట్లాటకు దిగుతుంది, కారుకు గీతలు పడడం కన్నా దాని ముక్కు పగలడం నాకు పెద్ద భయం.

వదలాలా?

చూసినవాళ్లందరూ అడిగేది ఇదే: ఎప్పుడు వదులుతారు? కొత్త చోటుకు వచ్చిన ఎదిగిన నెమలిని కనీసం ఆరు వారాలు, వీలైతే మూడు నెలలు లోపలే ఉంచాకే వదలాలని పెంపకందారులు చెబుతారు. అంతకన్నా ముందు తలుపు తీస్తే వెళ్లిపోతుంది, తిరిగి దారి తెలియదు. మా పక్షికి ఆ గడువు ఎప్పుడో దాటింది. డబ్బా చప్పుడుకు వస్తోంది. అయినా వదలకూడదనే నిర్ణయించుకున్నాను. జతకట్టే కాలంలో ఆడపక్షి లేని మగ నెమలి వెతుక్కుంటూ పోతుంది. దారిలో రోడ్డు ఉంది, కుక్కలు ఉన్నాయి, కోళ్లు తిరిగే దొడ్లు ఉన్నాయి. స్వేచ్ఛ ఇవ్వాలన్న కోరిక నాకూ ఉంది. దాన్ని ఇంకొంచెం పెద్ద గూడు కట్టి తీరుస్తాను.

ఈకలు రాలుతున్నాయి

మొదటి పొడుగు ఈక దూలం కింద కనిపించింది, ఆపైన రోజూ కొన్ని. ఒకటి ఎండకు ఎదురుగా పట్టుకుని చూశాను. వెలుతురు వెనక నుంచి పడితే నీలం, పచ్చ అన్నీ పోయి మట్టి గోధుమ రంగు మిగిలింది. ఈకలో నీలి రంగు పదార్థమేదీ లేదు, మెలనిన్ కడ్డీల అమరిక వెలుతురును విరిచి చూపే రంగులవి.

అరుపులు సన్నగిల్లాయి, నడక నెమ్మదించింది. పెద్ద పనులకు ఇదే అదను. పడమటి వైపు గోడ తీసి గూటిని ఇంకో 24 అడుగులు పొడిగిస్తున్నాను. గుంజలకు గుంతలు తవ్వడం అయింది, బయటి మడత జాలీ రావాలి. ఒక మగపక్షికి రెండు మూడు ఆడపక్షులుంటే అది ఎవరినీ అదేపనిగా తరమదు. రెండు ఆడ నెమళ్లకు మాట ఇచ్చి వచ్చాను, అవి కూడా పెంపకంలో పుట్టినవే. వాటి ఒంటరి నెలకు వేరే చిన్న గూడు కావాలి, ఇసుక మళ్లీ తెప్పించాలి. డాక్టరుకు రెట్ట నమూనా ఈ వారం వెళ్లాలి. అయస్కాంతం తాడు పాతబడింది, మార్చాలి.